‘వాత్సల్యత’ తప్పు మాటేనా? విలాపవాక్యములు 3:23 గురించి

మొన్న గ్రూపులో ప్రాధాన్యత, ప్రాముఖ్యత అనకూడదు, ప్రాధాన్యం, ప్రాముఖ్యం అనాలి అని పెద్ద చర్చ నడిచింది కదా. దాని చివర్లో ఒకరు “తెలుగు బైబిల్లో వాత్సల్యత అని కూడా ఉంటుంది, అదీ ఇదే రకం తప్పు” అని రాశారు. వ్యాకరణం విషయంలో వారితో నాకు పేచీ లేదు. కానీ ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను, ఎందుకంటే దేవుడు దయగలవాడని నాకు నిజంగా తెలిసింది ఆ మాట వల్లే. అందుకే విడిగా పోస్టు పెడుతున్నా. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ముందు వాక్యం చూడండి, బైబిల్లో విలాపవాక్యములు అనే పుస్తకం మూడో అధ్యాయం, 22, 23 వచనాలు. బైబిల్ సొసైటీ వాళ్ల పాత అనువాదం, మా ఇళ్లల్లో అందరి దగ్గరా ఉండేది:

“యెహోవా కృపగలవాడు ఆయన వాత్సల్యత యెడతెగక నిలుచునది గనుక మనము నిర్మూలము కాకున్నవారము. అనుదినము నూతనముగా ఆయనకు వాత్సల్యత పుట్టుచున్నది నీవు ఎంతైన నమ్మదగినవాడవు.”

నేను క్రైస్తవ కుటుంబంలోనే పుట్టాను. చిన్నప్పుడు దేవుడంటే నాకు భయం తప్ప ఇంకేం తెలియదు. అబద్ధం చెబితే చూస్తున్నాడు, ఆదివారం గుడికి వెళ్లకపోతే రాసుకుంటున్నాడు, ఇదే. పెళ్లయ్యాక కూడా అంతే, ఇంట్లో ఏ చెడు జరిగినా నేను చేసిన ఏ తప్పుకి ఇది అని వెనక్కి వెళ్లి వెతుక్కునేదాన్ని. కొన్నేళ్ల క్రితం మా ఆయన ఉద్యోగం పోయి, అప్పులు మీదపడి, టెన్షన్‌తో తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వచ్చేసేది. పిల్లలు లేచేదాకా ఏం చెయ్యాలో తోచక వంటింట్లో కూర్చుని రోజుకో అధ్యాయం చదవడం మొదలుపెట్టాను, ఏదో వెతుక్కుందామని కాదు, వరసగా, ఎక్కడ ఆపితే అక్కడి నుంచి. అలా యిర్మీయా అయిపోయి విలాపవాక్యములు వచ్చింది.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా, ఇది క్రీ.పూ. ఆరో శతాబ్దంలో బబులోను సైన్యం యెరూషలేమును కూల్చి, ఆలయాన్ని తగలబెట్టి, జనాన్ని చెరపట్టుకుపోయాక ఏడ్చిన ఏడుపు. ఐదు అధ్యాయాలు. తల్లుల ఒళ్లో పసిబిడ్డలు ఆకలికి ప్రాణాలు విడవడం, ఎవరూ ఓదార్చకపోవడం, చదవలేం. మూడో అధ్యాయంలో ఆ మాట్లాడే మనిషి దేవుణ్ణి పొంచి ఉన్న ఎలుగుబంటితో పోలుస్తాడు, కంకర రాళ్లతో నా పళ్లు ఊడగొట్టాడు అంటాడు. నేను అనుకుంటున్నదీ అదే కదా, ఇదిగో బైబిల్లోనే ఉంది అని చదువుతున్నా. అప్పుడు 21వ వచనంలో “నేను దీని జ్ఞాపకము చేసికొనగా నాకు ఆశ పుట్టుచున్నది” అని వచ్చింది. రెండు వచనాలు దాటగానే “వాత్సల్యత పుట్టుచున్నది”.

పుట్టుచున్నది. ఆశ పుట్టడం మనకు మామూలే. ఆకలి పుడుతుంది, భయం పుడుతుంది, ప్రేమ పుడుతుంది, తెలుగులో అన్నీ పుడతాయి. కానీ దేవుడికి? రోజూ? కొత్తగా? నిన్నటిది మిగిలితే ఇవ్వడం కాదట, ఈరోజుది ఈరోజు పుడుతుందట.

నాకు వెంటనే మా గేదెల చావిడి గుర్తొచ్చింది. మాది తెనాలి వైపు పల్లెటూరు, నాన్న పాలు పోసేవాడు. ఒకసారి తొలిచూలు గేదె తెల్లవారకముందే ఈనింది, నన్ను లాంతరు పట్టుకోమన్నాడు. దూడ కింద పడింది, ఒళ్లంతా జిగురు, రక్తం, చూడబుద్ధి కాలేదు. ఆ గేదెకి మొదటి ఈత కదా, బెదిరిపోయి దూడని దగ్గరకు రానివ్వట్లేదు. నాన్న గుప్పెడు తవుడు తెచ్చి దూడ వీపు మీద చల్లాడు. తవుడు రుచికి అది ఒకసారి నాకింది. ఇంకోసారి నాకింది. తర్వాత తవుడు అయిపోయినా ఆపలేదు, కళ్లు, ముక్కు, చెవులు, పొట్ట, అంతా తన గరుకు నాలుకతో శుభ్రం చేసింది, దూడ వణుకుతూ లేచి పొదుగు కింద మూతి పెట్టి కుమ్మగానే చేపింది. ‘చేపు’ అనే మాట తెలుసు కదా అందరికీ? దూడని చూసి పాలు చన్నుల్లోకి దిగడం. చేపనిదే ఎంత పిండినా పాలు సరిగా రావు.

వత్సం అంటే దూడ. దూడ మీద తల్లికి ఉండేదే వాత్సల్యం. ఈ సంగతి స్కూల్లో చదువుకున్నాను, కానీ ఆ రోజు వంటింట్లో మాత్రమే అది నా గుండెల్లోకి దిగింది. దేవుడు దూడ మురికి చూసి తప్పుకునేవాడు కాదు, నాకి శుభ్రం చేసేవాడు. చాలాసేపు ఏడ్చాను. నా తప్పులన్నీ పోగేసుకుని కూర్చున్నదాన్ని, ఆ పూటకి వాటిని పక్కన పెట్టేశాను.

తర్వాత కుతూహలంతో హీబ్రూ మాటలు చూపించే యాప్ ఒకటి ఫోన్లో పెట్టుకున్నా. నాకు హీబ్రూ రాదు, ఒక్కో మాట అర్థం చూసుకోవడమే. అక్కడ ఉన్న మాట ‘రహమీమ్’. ‘రెహెమ్’ అంటే గర్భసంచి. దానికి బంధువైన మాట ఇది. వాళ్ల భాషలో కనికరం గర్భంతో ముడిపడి ఉంటే, మన అనువాదకులు దానికి దూడని తెచ్చి పెట్టారు. పైగా మూలంలో ‘పుట్టుట’ అనే క్రియ లేదు, “ఉదయాలకు కొత్తవి” అన్నట్టు రెండే మాటలు. గర్భం అనే మాట వెనకాల ఉందని తెలిసి పెట్టారో, తెలుగు నుడికారం కొద్దీ పడిందో, నాకు మాత్రం ఇంతకంటే బాగా కుదిరే క్రియ తోచదు.

ఇంకొకటి చెప్పి ఆపేస్తా. ఇదే రహమీమ్ వేరేచోట్ల తెలుగులో ఎలా వచ్చిందో చూడండి. సొలొమోను ముందు ఇద్దరు తల్లులు ఒకే బిడ్డ కోసం కొట్లాడినప్పుడు, కత్తి తెమ్మనగానే అసలు తల్లికి “పేగులు తరుగుకొని పోయినదై” అని ఉంటుంది. ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, యోసేపు తన తమ్ముణ్ణి చూసి లోపలి గదిలోకి పోయి ఏడ్చినప్పుడు “ప్రేమ పొర్లుకొని వచ్చెను” అని ఉంటుంది. ఆ రెండు చోట్లా హీబ్రూలో రహమీమే, క్రియ కూడా ఒకటే. ఒకచోట పేగులు, ఒకచోట ప్రేమ, ఇక్కడ వాత్సల్యత. తెలిసినవాళ్లు వ్యాకరణం సంగతి చెప్పండి, నేర్చుకుంటాను.

— జవాబు

అమ్మా, నేను తెలుగు మాస్టారుగా రిటైరయ్యాను. వ్యాకరణం ఇది: ‘వత్సల’ విశేషణం. దానికి ‘త’ చేరిస్తే వత్సలత. వేరే ప్రత్యయంతో మొదటి అచ్చుకి వృద్ధి వచ్చి వాత్సల్యం. రెండూ సరైన రూపాలే, రెండిటికీ అర్థం ఒకటే. వాత్సల్యం మీద మళ్లీ ‘త’ పెడితే భావార్థం రెండుసార్లు చెప్పినట్టు. నేను పేపర్లు దిద్దినన్నాళ్లూ ఇలాంటివాటికి మార్కు తీసేశాను. ఇంకో చిన్న సంగతి, వత్సానికీ వత్సరానికీ చుట్టరికం ఉంది, ఏడాది దూడ అన్నమాట. అయితే ఒక సందేహం. బైబిల్లో అన్నిచోట్లా వాత్సల్యత అనే ఉందా?

— జవాబు

లేదు మాస్టారూ. 51వ కీర్తనలో “నీ వాత్సల్య బాహుళ్యముచొప్పున నా అతిక్రమములను తుడిచివేయుము” అని సమాసంలో సరిగ్గానే ఉంది. రోమా 12:1లో “దేవుని వాత్సల్యమునుబట్టి మిమ్మును బతిమాలుకొనుచున్నాను” అని ఉంది. అంటే శుద్ధ రూపం వాళ్లకు తెలుసు. విలాపవాక్యాల్లో ఈ వచనాల్లో వాత్సల్యత అని ఉంది.

— జవాబు

అక్కా, మాది శ్రీవైష్ణవ కుటుంబం. మీ గేదె సంగతి చదివి ఒళ్లు జలదరించింది, ఎందుకంటే మా పెద్దలు వాత్సల్యం అనే గుణాన్ని వివరించడానికి చెప్పేది సరిగ్గా ఇదే. అప్పుడే ఈనిన ఆవు దూడ ఒంటి మీద మాలిన్యాన్ని అసహ్యించుకోకుండా నాకుతుంది, భగవంతుడు తనను ఆశ్రయించినవాళ్ల దోషాలను అలాగే చూస్తాడు అని. మేం భక్తవత్సలుడు అంటాం. మీ బైబిలు తెలుగు చేసినవాళ్లు ఈ మాట ఎంచుకున్నారంటే మన ఊళ్లల్లో ఆ మాట బరువు తెలిసినవాళ్లు ఎవరో వాళ్ల పక్కన కూర్చుని ఉండాలి అనిపిస్తోంది.

— జవాబు

అది నిజమేనండీ, తెలుగు బైబిలు పని ఏ ఒక్క దొరో కూర్చుని చేసింది కాదు. విశాఖపట్నంలో 1805లో దిగిన లండన్ మిషనరీల దగ్గర ఆనందరాయరు అనే తెలుగు తెలిసిన పండితుడు పనిచేశాడు. తర్వాత తరాల్లో ఎన్నో చేతులు పడ్డాయి. మీరు చెప్పిన ఆవు పోలిక నాకు ఇవాళే తెలిసింది, చాలా సంతోషంగా ఉంది.

— జవాబు

మాది కరీంనగర్. మా దిక్కు గేదె అనం, బర్రె అంటం. అయితే నా ప్రశ్న ఏందంటే రహమీమ్‌కు గర్భంతో సంబంధం ఉంటే ‘కడుపుతీపి’ అని పెట్టొచ్చు కదా? అచ్చ తెలుగు, గర్భం కూడా అందులోనే ఉంది.

— జవాబు

అన్నా, ఎంత మంచి మాట! సొలొమోను కథలో ఆ తల్లికి కడుపుతీపి అని పెడితే చక్కగా సరిపోయేది. ఇక్కడ మాత్రం చిన్న తేడా కనిపిస్తోంది నాకు. కడుపుతీపి అంటే సొంత బిడ్డ కాబట్టి లాగేది, బిడ్డ ఎలాంటివాడైనా ఏమీ అనలేని తల్లి బలహీనత కూడా ఆ మాటలో కొంచెం వినపడుతుంది. యెషయా 49లో “స్త్రీ తన గర్భమున పుట్టిన బిడ్డను కరుణింపకుండ తన చంటిపిల్లను మరచునా? వారైన మరచుదురు గాని నేను నిన్ను మరువను” అంటాడు దేవుడు. అక్కడ ‘కరుణించు’ కూడా అదే ధాతువు. కన్నపేగు కూడా తెగిపోయే రోజు రావచ్చు, నాది తెగదు అంటున్నాడు, అంటే కడుపుతీపి దగ్గర మొదలుపెట్టి దాన్ని దాటిపోతున్నాడు.

— జవాబు

నేను నమ్మేవాణ్ణి కాదు, అయినా అడగాలనిపించింది. పళ్లు ఊడగొట్టినవాడూ, దూడని నాకినవాడూ ఒకడేనా? ఆ అధ్యాయంలో మీకు నచ్చిన వచనం ఒకటి తీసుకుని మిగతా 65 వదిలేస్తే ఎలా?

— జవాబు

మంచి ప్రశ్న, కోపం రాలేదు. నేను వదిలెయ్యలేదు తమ్ముడూ, ఆ ఎలుగుబంటి లేకపోతే నేను ఈ వచనాన్ని నమ్మేదాన్నే కాదు. అన్నీ బాగున్నవాడు రాసి ఉంటే ఆ తెల్లవారుజామున నాకేం పనికొచ్చేది? ఊరు బూడిదైపోయినవాడు రాశాడు. ఆ అధ్యాయం కట్టుబాటు కూడా చూడండి, హీబ్రూ అక్షరాలు 22, ఒక్కో అక్షరంతో మూడేసి వచనాలు మొదలవుతాయి, మొత్తం 66. మనకి 119వ కీర్తనలో ఆలెఫ్, బేత్ అని అక్షరాల పేర్లు అచ్చు వేశారు కానీ ఇక్కడ వెయ్యలేదు, అందుకని తెలుగులో కనపడదు. ఏడుపు ఆగనివాడు అక్షరాల వరస పట్టుకుని ఒక్కో అడుగు వేసుకుంటూ వస్తున్నాడు, ‘హేత్’ అక్షరం దగ్గరికి వచ్చేసరికి ఆ అక్షరంతో మొదలయ్యే మాట ‘హెసెద్’ చేతికి దొరికింది, 22వ వచనంలో కృప అని ఉన్నది అదే. తర్వాత మళ్లీ కన్నీళ్లలోకి వెళ్తాడు, దాచడు. 32, 33 వచనాలు మీరే చదవండి: “ఆయన బాధపెట్టినను తన కృపాసమృద్ధినిబట్టి జాలిపడును. హృదయపూర్వకముగా ఆయన నరులకు విచారమునైనను బాధనైనను కలుగజేయడు.” ఆ ‘జాలిపడును’ ఉంది చూశారా, అదీ రహమీమ్ ధాతువే. బాధ ఉందని ఒప్పుకుంటాడు, కానీ అది ఆయన మనసులోంచి వచ్చింది కాదంటాడు. మీ ప్రశ్నకి నా దగ్గర ఇంతకంటే పూర్తి జవాబు లేదు.

— జవాబు

అమ్మా, మళ్లీ నేనే, మాస్టార్ని. వాత్సల్యత వ్యాకరణ రీత్యా దుష్టరూపమే, ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ మీరు చెప్పిన వచనంలో ‘వాత్సల్యము పుట్టుచున్నది’ అని రెండుసార్లు పైకి చదివి చూశాను. వాత్సల్యత అన్నప్పుడే చెవికి బాగుంది. మా ఇంట్లో బైబిలు లేదు. వీలైతే ఆ అధ్యాయం మొత్తం ఫోటో తీసి ఇక్కడ పెడతారా, 66 వచనాలూ చదవాలని ఉంది.

— జవాబు

పెట్టాను మాస్టారూ, నాలుగు ఫోటోలు. మూడో ఫోటోలో అంచున కనపడే మరక పాలది, అది నాన్న బైబిలు.