కిటికీ పైన కన్నం దిగట్లేదు: కొత్త కార్డ్‌లెస్ డ్రిల్, తప్పు ఎక్కడ?

మియాపూర్ మూడో అంతస్తు:
అందరికీ నమస్తే. అద్దె ఫ్లాట్‌లోకి మారి పది రోజులైంది. కర్టెన్ రాడ్లు బిగించడానికి మనిషిని పిలిస్తే కన్నానికి ఇంత అని లెక్క చెప్పాడు. ఆ రోషంలో 18 వోల్టుల కార్డ్‌లెస్ డ్రిల్ కొనేశాను, హామర్ మోడ్ కూడా ఉంది. హాల్ కిటికీ పైన మొదలుపెట్టా. ప్లాస్టరింగ్ వరకూ బాగానే దిగి, అర అంగుళం దగ్గర మొరాయించింది. బలమంతా పెట్టి నొక్కితే కాలిన వాసన, బిట్ కొన నీలంగా మారింది. ఒకసారి మిషనే గిర్రున తిరిగి మణికట్టు మెలిపెట్టేసింది, ఇంకా నొప్పి తగ్గలేదు. డొక్కుది డ్రిల్లా, నేనా?

చెక్కపొట్టు:
ముందు ఇది చెప్పండి, బిట్ ఎటు తిరుగుతోంది? ట్రిగ్గర్ పైన అటూ ఇటూ నొక్కే చిన్న మీట ఉంటుంది, చూడండి. స్క్రూలు విప్పడానికి రివర్స్‌లో పెట్టి అలాగే మర్చిపోతారు. నవ్వడానికి అడగట్లేదు. పదేళ్లుగా వడ్రంగం చేస్తున్నా, మొన్న ఓ తలుపుకి నేనే కాసేపు ఉల్టా తిప్పాను.

మియాపూర్ మూడో అంతస్తు:
సిగ్గుగా ఉంది అన్నా. రివర్సే. పాత రాడ్ స్క్రూలు విప్పింది దాంతోనే. కొత్త బిట్ వేసి, సరిగ్గా తిప్పితే ఇంకో రెండు మిల్లీమీటర్లు దిగింది. అంతే, మళ్లీ ఆగింది.

రిటైర్డ్ సైట్ సూపర్‌వైజర్:
బాబూ, రివర్స్ సగం కథే. నువ్వు పెట్టింది లింటెల్ మీద. పైగోడ బరువు కిటికీ మీద పడకుండా లోపల ఇనుప ఊచలు పెట్టి పోసే కాంక్రీటు, ఆర్‌సీసీ అది, మామూలుగా ఆరంగుళాల ఎత్తు ఉంటుంది. మనకు రాడ్ కావాల్సింది సరిగ్గా అక్కడే, అందుకే ఇంటింటా ఇదే గొడవ.

కన్నంలోంచి రాలే పొడి చూడు. ఎర్రగా వస్తే ఇటుక. తెల్లటి పిండిలా రాలుతూ బిట్ దానంతటదే లోపలికి పోతుంటే ఏఏసీ బ్లాకు, అంటే గాలి బుడగలున్న తేలికపాటి సిమెంటు దిమ్మె. దానికి హామర్ వాడకు, కన్నం వదులైపోతుంది. బూడిదరంగు పొడి కొంచెం కొంచెంగా వస్తూ బిట్ ముందుకు కదలకపోతే కాంక్రీటు. ఫ్లైయాష్ ఇటుక పొడి కూడా బూడిదరంగే, కానీ అది దిగుతుంది.

నీ మిషన్‌లో హామర్ అంటే లోపల రెండు పళ్ల బిళ్లలు ఒకదాని మీద ఒకటి తిరుగుతూ చేసే కటకట. నువ్వు ఎంత నొక్కితే అంతే దెబ్బ. ఇటుకకు చాలు. కాంక్రీటుకు రోటరీ హామర్ కావాలి. అందులో పిస్టన్ గాలిని నొక్కి, ఆ గాలితో బిట్ వెనకాల సుత్తి దెబ్బలు వేయిస్తుంది. దానికి గాడులున్న ఎస్‌డీఎస్ బిట్లు వేరే ఉంటాయి. మిషన్ రోజు అద్దెకి దొరుకుతుంది, నాలుగు కన్నాల కోసం కొనకు. అదీ కుదరకపోతే లింటెల్ దాటి పైకి వెళ్లు. పక్కలకైతే కిటికీ అంచు నుంచి తొమ్మిది అంగుళాలైనా దాటాలి. కొన్ని బిల్డింగుల్లో గోడ పొడవునా బ్యాండులా పోసేస్తారు, అక్కడ పక్కకి జరిగినా లాభం లేదు.

కీచుమని శబ్దం, మెరిసే పొడి వచ్చాయంటే ఊచ తగిలినట్టు. అంగుళం పక్కకు జరుగు, దాన్ని కోసే ప్రయత్నం చేయకు.

వైజాగ్ వైర్‌మన్:
మణికట్టు సంగతి ఎవరూ పట్టించుకోలేదేంటి? బిట్ గోడలో బిగుసుకుంటే మోటారు ఆగదు, బిట్ బదులు మిషన్‌ని తిప్పుతుంది. డబ్బాలో పక్క హ్యాండిల్ వచ్చుంటే బిగించుకోండి, లేకపోతే రెండో చెయ్యి బ్యాటరీ దగ్గర వేయండి. మోచెయ్యి ఒంటికి ఆనించండి. ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి మాత్రం చేయొద్దు. ఆ మెలికకి మనిషే కింద పడతాడు.

ఇక అసలు భయం గోడ లోపలుంది. స్విచ్ బోర్డుకి నిట్టనిలువుగా పైనా కిందా, ఏసీ పాయింటుకి అటూ ఇటూ వైర్లు ఉన్నట్టే లెక్క వేసుకోండి. కార్డ్‌లెస్‌తో ఒక సుఖం ఉంది, చాలామందికి తట్టదు: మెయిన్ ఆఫ్ చేసినా మిషన్ నడుస్తుంది! వైరు డ్రిల్లుతో ఆ వీలెక్కడిది? పగలు, వెలుతురున్నప్పుడు, మెయిన్ దించేసి చేసుకోండి. ఇన్వర్టర్ ఉంటే అదీ ఆపాలి. మెయిన్ దించినా దానిమీదున్న ఫ్యాను, లైటు లైన్లలో కరెంటు ఉంటుంది. నాకది తెలిసొచ్చింది ఓ ఇంట్లో మెయిన్ దించాననే ధీమాతో బోర్డు పైన బిట్ పెట్టినప్పుడు. ఫట్‌మని మెరుపు, బిట్ కొన కరిగి గుండీలా అయింది. ప్లాస్టిక్ బాడీ కాబట్టి బతికిపోయా. ఆ బిట్ ఇప్పటికీ నా సంచిలోనే ఉంది.

డల్లాస్ అక్క:
మా దగ్గర గోడలు వేరు. జిప్సమ్ షీటు, వెనకాల పదహారు అంగుళాలకో చెక్క నిలువు. ఇండియా నుంచి హామర్ బిట్లు మోసుకొచ్చిన మా మావయ్యగారు రెండు రోజులు అలిగారు.

కొంగు బిగించి:
మగవాళ్లు చెప్పరు కాబట్టి నేను చెప్తా. చున్నీ, పైట కొంగు, విడిచిన జుట్టు... డ్రిల్ పట్టేముందు అన్నీ ముడిపెట్టాలి. నాకు మాత్రం పట్టుకున్నది చేతికున్న తోరం. వ్రతం నాటిది, తీయకూడదని ఉంచుకున్నా. కిందనుంచి బిట్ సరిచేయబోయి ట్రిగ్గర్ తగిలింది, దారం చక్‌కి, అదే బిట్‌ని పట్టుకునే మూతికి, చుట్టుకుని చెయ్యి గుంజేసింది. పాత దారం కాబట్టి పుటుక్కున తెగింది, మణికట్టు చుట్టూ ఎర్రగా వాత. అదే గట్టి నైలాన్ తాడైతే?

అప్పటినుంచి బిట్ మార్చేటప్పుడు బ్యాటరీ ఊడదీస్తాను. బద్ధకమైతే కనీసం ఆ దిశ మీట మధ్యలో పెడతాను, ట్రిగ్గర్ లాక్ అవుతుంది. చక్‌ని గుప్పిట్లో పట్టి మోటారు తిప్పి బిగించడం స్టైలే, కానీ చర్మం ఒలిచేస్తుంది. బట్ట గ్లౌజులు కూడా వద్దు, అవీ దారాల్లాంటివే. చత్వారం కళ్లద్దాలు గాగుల్స్ కావు. పైకి చూస్తూ చేసే పనికి పేపర్ గ్లాసు అడుగున బిట్ గుచ్చి పెట్టండి, పొడి అందులో పడుతుంది.

చెక్కపొట్టు:
మేడమ్ చెప్పింది నూరుపాళ్లూ నిజం. ఇంకోటి, చక్ వెనకాల అంకెల రింగు అలంకారానికి కాదు. కన్నం వేశాక స్క్రూ బిగించేటప్పుడు సుత్తి బొమ్మ మీంచి తీసి నాలుగైదు అంకె మీదకి తేవాలి, గేరు 1లో. సరిపడా బిగియగానే టకటకమని ఆగిపోతుంది. డ్రిల్ గుర్తు మీదే బిగిస్తే ప్లగ్గు (స్క్రూ పట్టడానికి కన్నంలో దూర్చే ప్లాస్టిక్ గొట్టం) గోడలో గిరగిరా తిరుగుతుంది, లేదా స్క్రూ తల అరిగిపోతుంది. 8 మిల్లీమీటర్ల ప్లగ్గుకి 8 బిట్టే. ప్లగ్గు 40 పొడవైతే బిట్ మీద 45 దగ్గర టేపు చుట్టండి, లోతు కొలత అదే.

రిటైర్డ్ సైట్ సూపర్‌వైజర్:
బిట్ ఇరుక్కుంటే చిన్నబోకండి. 1971లో అపోలో 15 వాళ్లు బ్యాటరీ డ్రిల్‌తో చంద్రుడిలోకి గొట్టం దింపి, బయటికి లాగలేక ఇద్దరూ కలిసి భుజాలు పెట్టి ఎత్తారు.

మియాపూర్ మూడో అంతస్తు:
అప్‌డేట్. ఆరంగుళాలు పైకి వెళ్లా, ఎర్ర పొడి! ప్రాణం లేచొచ్చింది. మెయిన్, ఇన్వర్టర్ రెండూ ఆపే చేశాను, ఫ్రిజ్ సంగతేంటని ఇంట్లో అక్షింతలు పడ్డాయి. రాడ్ పైకి పోయింది కాబట్టి కర్టెన్ ఇప్పుడు నేలకి జానెడు ఎత్తులో వేలాడుతోంది, అది వేరే బాధ. బ్యాటరీ ముట్టుకుంటే వేడిగా ఉంది, వెంటనే చార్జింగ్ పెట్టొచ్చా? తర్వాత బాత్‌రూమ్ టైల్ మీద అద్దం ఉంది.

వైజాగ్ వైర్‌మన్:
చల్లారాక పెట్టండి. ఎండలో నిలిపిన కారులో వదలొద్దు.

చెక్కపొట్టు:
టైల్‌కి హామర్ పూర్తిగా బంద్, లేకపోతే అడ్డంగా చీలుతుంది. బల్లెం కొనలాంటి టైల్ బిట్ కొనండి. మాస్కింగ్ టేపు అతికించి దాని మీద గుర్తు పెడితే బిట్ జారదు. ట్రిగ్గర్ సగమే నొక్కి నెమ్మదిగా, మధ్యమధ్య తడి స్పాంజి అద్దుతూ వెళ్లండి, నీళ్లు మోటారులోకి పోకుండా చూసుకోండి. టైల్ దాటాక బిట్ మార్చి అప్పుడు హామర్. కుళాయికి నిట్టనిలువుగా పైన మాత్రం వద్దు, అక్కడ పైపు ఉంటుంది. ఇంతకీ అద్దె ఇల్లన్నారు, ఓనర్‌ని అడిగారా?