మొగ నుంచి 30 మీటర్ల లోతు దాకా జంతుప్లవకాల సర్వే: ఏ వల, ఎలా నిల్వ, ఎంత లెక్క?

తీరరేఖ అడిగిన ప్రశ్న:

నది మొగ దగ్గర మొదలుపెట్టి 30 మీటర్ల లోతు దాకా ఒకే గీత మీద 5 స్టేషన్లు, నెలకోసారి చొప్పున ఏడాది పాటు నమూనాలు. తీరం నుంచి సముద్రం లోపలికి పోయేకొద్దీ జంతుప్లవకాల (నీటిలో తేలే చిన్న జంతువుల) జాతులు ఎలా మారుతున్నాయి, ఆ మార్పులో ఉప్పుదనం పాత్ర ఎంత అన్నది తేల్చాలి. 50 సెం.మీ. నోరు, 200 మైక్రాన్ల కన్ను ఉన్న వల, ఫ్లోమీటర్ (వలలోంచి ఎంత నీరు పోయిందో కొలిచేది), నిస్కిన్ బాటిల్ (కావలసిన లోతులో నీరు పట్టే సీసా) అందుబాటులో ఉన్నాయి. ఫార్మలిన్‌లో నిల్వ చేసి, మైక్రోస్కోప్ కింద లెక్కపెట్టి, షానన్, మార్గలెఫ్ సూచికలు (జాతుల వైవిధ్యాన్ని ఒక అంకెగా చెప్పేవి) కట్టాలని ఆలోచన. ఈ పద్ధతితో వచ్చిన అంకెలు స్టేషన్ల మధ్య నిజంగా పోల్చదగినవేనా? ఎక్కడెక్కడ దెబ్బతినే అవకాశం ఉంది?

వలకన్ను:

ముందు వల సంగతి చూడండి. మిగతా లెక్కలన్నీ దాని మీదే నిలబడతాయి.

జీవి ఒంటి వెడల్పులో వల కన్ను 75 శాతానికి మించకపోతేనే దాదాపు అన్నీ నిలుస్తాయి. 200 మైక్రాన్ల వల పూర్తిగా పట్టుకునేది సుమారు 270 మైక్రాన్లు, అంతకుమించి వెడల్పున్న వాటినే. ఓయిథోనా, యూటెర్పినా, మైక్రోసెటెల్లా లాంటి సన్నని కోపిపాడ్లలో (రొయ్యల జాతికి చెందిన అతి చిన్న జీవులు) చాలా భాగం, నాప్లియస్ (గుడ్డు నుంచి వచ్చిన తొలి దశ) పిల్లలు దాదాపు అన్నీ జారిపోతాయి. తీరపు నీళ్లలో సంఖ్యలో ఎక్కువుండేవి అవే. అంటే మీ పట్టికలో అవి తక్కువగా కనిపిస్తే సముద్రంలో తక్కువని కాదు. పైగా జారిపోయే నిష్పత్తి అన్ని స్టేషన్లలో ఒకేలా ఉండదు. చిన్న జీవులు ఎక్కువున్న చోట నష్టం ఎక్కువ.

ఇక లాగడం. 30 మీటర్ల స్టేషన్‌లో పైపొర మాత్రమే లాగి, 5 మీటర్ల స్టేషన్‌లోనూ అదే చేస్తే పోలిక కుదరదు. పగలు చాలా కోపిపాడ్లు అడుగుకు దిగి ఉంటాయి, రాత్రి పైకి వస్తాయి. అడుగుకు 2–3 మీటర్ల పైనుంచి ఉపరితలం దాకా ఏటవాలుగా లాగండి, అన్ని స్టేషన్లలోనూ పగలే, లేదా అన్నిటిలోనూ రాత్రే. అంతకంటే కిందికి దించితే బురద లేచి వల మూసుకుపోతుంది, నమూనా లెక్కకు పనికిరాదు. వేగం సెకనుకు 1 మీటర్ దగ్గర ఉంచండి. బాగా తగ్గిస్తే చురుకైనవి తప్పించుకుంటాయి. పెంచితే వల ముందు నీరు పేరుకుని జీవులు పక్కకు నెట్టుకుపోతాయి, మెత్తటివి చితికిపోతాయి.

ఫ్లోమీటర్‌ను నోటికి సరిగ్గా నడుమ కాకుండా, కేంద్రానికీ అంచుకూ మధ్యలో కట్టండి. జనరల్ ఓషియానిక్స్ వారి మామూలు రోటర్ అయితే లెక్క ఇలా ఉంటుంది: ఫ్లోమీటర్ మొదటి, చివరి అంకెల తేడా × 26,873 ÷ 9,99,999 = మీటర్లలో దూరం. తేడా 4,000 వస్తే దూరం 107.5 మీటర్లు. 50 సెం.మీ. నోటి వైశాల్యం 0.196 చదరపు మీటర్లు కాబట్టి వడపోసిన నీరు 21.1 ఘనపు మీటర్లు.

దీన్ని పడవ వేగం × సమయంతో సరిచూడండి. సెకనుకు మీటర్ చొప్పున 2 నిమిషాలు లాగితే 120 మీటర్లు రావాలి. 107.5 అంటే సుమారు 90 శాతం, పర్వాలేదు. 85 శాతం కంటే తగ్గితే వల మూసుకుపోయిందని అనుమానించి, సమయం తగ్గించి మళ్లీ లాగండి. జీపీఎస్ వేగం నేల మీద లెక్క, ప్రవాహం ఉన్న చోట అది నీటి వేగంతో సరిపోదు. అందుకే ఈ సరిచూపు మందగమన నీటిలోనే నమ్మదగినది.

పైకి తీశాక వలను బయటి వైపు నుంచే సముద్రపు నీళ్లతో కడగండి. నోట్లోంచి నీళ్లు కొడితే వడపోయని నీటి జీవులు అదనంగా కలుస్తాయి.

నీలిపొర:

వలకన్ను గారు చెప్పింది నిజమే, కానీ ప్రశ్న జాతుల వైవిధ్యం గురించి కాబట్టి 200 మైక్రాన్లతో సరిపెట్టమని నేననను. రెండో వల 100 మైక్రాన్లది పెట్టుకుని, నిలువునా ఒక చిన్న లాగుడు చేయండి. పాత సర్వేలతో పోల్చడానికి 200, ఓయిథోనా లాంటివాటికి 100. రెండిటి అంకెలనూ ఒకే పట్టికలో కలపవద్దు.

సన్న వలకు ఒక ఇబ్బంది ఉంది. డయాటమ్‌లు (గాజులాంటి పెంకున్న ఏకకణ వృక్షప్లవకాలు) విపరీతంగా పెరిగి నీరు పచ్చబడిన రోజున అది క్షణాల్లో మూసుకుపోతుంది. అలాంటి చోట వల గుడ్డలోని కన్నుల మొత్తం వైశాల్యం నోటి వైశాల్యానికి కనీసం 5 రెట్లు ఉండాలి. పొట్టి వలకు అది ఉండదు, పొడవైనదే కొనండి.

నిస్కిన్ బాటిల్ ఉందన్నారు కాబట్టి వృక్షప్లవకాలనూ (నీటిలో తేలే, జంతుప్లవకాలు తినే సూక్ష్మ మొక్కలు) వదలొద్దు. వైవిధ్యం మారిన కారణం చాలాసార్లు తిండిలోనే దొరుకుతుంది. ప్రతి స్టేషన్‌లో లీటరు నీరు తీసి, ఆమ్ల లుగోల్ ద్రావణం (కణాలను నిల్వ చేసే అయోడిన్ ద్రావణం) 1 శాతం వరకు, నీరు పలచటి టీ రంగుకు వచ్చేలా కలపండి. చీకట్లో ఉంచండి, రంగు తగ్గితే మళ్లీ కలపండి. కోకోలితోఫోర్లు అనే వృక్షప్లవకాల సున్నపు పలకలు ఆమ్లంలో కరిగిపోతాయి, వాటి కోసం ఒక చిన్న సీసా తటస్థ ద్రావణంతో వేరుగా తీసుకోవాలి.

ఉటర్మోల్ గదిలో (కణాలు అడుగుకు దిగాక కింది నుంచి మైక్రోస్కోప్‌తో చూసే గొట్టం) దించేటప్పుడు ఎత్తు సెం.మీ.కు కనీసం 3 గంటలు, చిన్న ఫ్లాజెల్లేట్లు (తోకతో ఈదే ఏకకణ జీవులు) ఉంటే 4 గంటలు లెక్కేయండి. 10 సెం.మీ. గొట్టానికి 40 గంటలు. తొందరపడితే మొదట నష్టపోయేది సన్నవే. స్కెలిటోనీమా, కీటోసెరోస్ లాంటి గొలుసు డయాటమ్‌లలో గొలుసులు కాదు, కణాలు లెక్కపెట్టాలి. స్యూడోనిట్జ్‌షియా అనే డయాటమ్‌ను మామూలు మైక్రోస్కోప్‌తో జాతి దాకా తేల్చలేం. వెడల్పు 3 మైక్రాన్లకు మించితే ఒక గుంపు, తక్కువైతే ఇంకో గుంపు అని రాసి ఆగడమే సరైన పని.

లెక్కలగది:

నిల్వతో మొదలుపెడతాను, ఎందుకంటే 4 శాతం అన్న మాట దగ్గరే ఎక్కువ నమూనాలు పాడవుతాయి. కావలసింది 4 శాతం ఫార్మాల్డిహైడ్. కొనే ఫార్మలిన్‌లోనే అది 37–40 శాతం ఉంటుంది. కాబట్టి సముద్రపు నీరు, నమూనా కలిపి 450 మి.లీ., దానికి 50 మి.లీ. ఫార్మలిన్. 4 శాతం అని చదివి 500లో 20 మి.లీ. పోస్తే అసలు బలం 1.5 శాతమే, కొన్నాళ్లకు కుళ్లు మొదలవుతుంది. ఫార్మలిన్‌ను ముందే బోరాక్స్‌తో ఆమ్లం తగ్గించి పీహెచ్ 8 దగ్గర ఉంచండి. లేకపోతే టెరోపాడ్లు (తేలే చిన్న నత్తలు), ఫొరామినిఫెరా (పెంకున్న ఏకకణ జీవులు), డింభక దశలోని గుల్లపురుగుల పెంకులు కరిగిపోయి, జాతుల జాబితా నుంచి ఒక గుంపే మాయమవుతుంది. సీసాలో ప్లవకాల ముద్ద మూడో వంతుకు మించకూడదు. చేతి తొడుగులు, గాలి ఆడే గది తప్పనిసరి. లెక్కకు ముందు మీ వల కన్ను కంటే సన్నని జల్లెడలో నీళ్లతో కడగాలి.

డీఎన్‌ఏ పనికి ఫార్మలిన్ అడ్డుపడుతుంది. ఆ సీసాలు వేరుగా 95 శాతం ఇథనాల్‌లో ఉంచి, 24 గంటల తర్వాత ఇథనాల్ మార్చండి. పరీక్షలో వచ్చే డీఎన్‌ఏ వరుసల (సీక్వెన్సుల) సంఖ్యను జీవుల సంఖ్యగా రాయకండి, ఏ జాతి ఉందో లేదో చెప్పడానికే వాడండి.

లెక్కింపు: మొత్తాన్ని 200 మి.లీ.కు తెచ్చి, నెమ్మదిగా కలిపి, స్టెంపెల్ పిపెట్‌తో (నిర్ణీత పరిమాణం తీసే వెడల్పు నోటి పిపెట్) 5 మి.లీ. తీస్తే అది 40వ వంతు. అందులో 250 జీవులుంటే మొత్తం 10,000. వడపోసిన 21.1తో భాగిస్తే ఘనపు మీటర్‌కు 474. ఇక్కడ పొరపాటు అవకాశం సుమారు 2 ÷ √250, అంటే 13 శాతం. 400 లెక్కపెడితే 10 శాతానికి తగ్గుతుంది. అరుదైన పెద్ద జీవులను (జెల్లీలు, చిన్న రొయ్య పిల్లలు) ఈ వంతు తీయకముందే మొత్తం సీసా నుంచి ఏరి లెక్కించాలి.

ఇప్పుడు సూచికలు. మార్గలెఫ్ సూచిక (జాతుల సంఖ్యలో ఒకటి తీసేసి, జీవుల సంఖ్య సహజ లాగరిథమ్‌తో భాగించేది) జీవుల సంఖ్య మీద ఆధారపడుతుంది కాబట్టి, ఏ సంఖ్య పెడతారన్నది దాన్ని పూర్తిగా మార్చేస్తుంది. 20 జాతులుంటే, లెక్కపెట్టిన 250తో అది 3.44, ఘనపు మీటర్‌కు 474తో 3.08, హెచ్చించిన 10,000తో 2.06. ఒకే సీసాకు మూడు విలువలు! ఎప్పుడూ నిజంగా చూసిన సంఖ్యే పెట్టండి, స్టేషన్లన్నిటిలో దాదాపు ఒకే సంఖ్య లెక్కపెట్టండి. లేకపోతే రేర్‌ఫాక్షన్‌తో (అన్ని నమూనాలనూ ఒకే జీవుల సంఖ్యకు తగ్గించి జాతులను అంచనా వేసే లెక్క) సమానం చేయండి.

షానన్ సూచిక ఒక్కో జాతి నిష్పత్తితో కట్టేది కాబట్టి దానికి ఈ బాధ లేదు, కానీ లాగరిథమ్ ఆధారం రాయకపోతే పనికిరాదు. సహజ లాగరిథమ్‌తో 2.1 వచ్చినదే 2 ఆధారంతో 3.03 అవుతుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం అర్థం చెప్పుకోవడంలో ఉంది. 20 జాతులు సమానంగా ఉంటే విలువ 3.00. అందులో ఒకటి 80 శాతానికి పెరిగి మిగిలిన 19 మిగతా 20 శాతాన్ని పంచుకుంటే 1.09. జాతి ఒక్కటీ పోలేదు! పెనీలియా లాంటి క్లాడోసెరా (నీటి ఈగల గుంపు జీవి) మగజీవి లేకుండానే పిల్లలు పెట్టి వారాల్లో ఇలా ముంచెత్తగలదు. అందుకే జాతుల సంఖ్య, పీలూ సమానత (షానన్ విలువను జాతులన్నీ సమానంగా ఉంటే వచ్చే విలువతో భాగిస్తే వచ్చేది, పై ఉదాహరణలో 0.36) పక్కపక్కన చూపించండి.

ఇంకొకటి. పెద్ద కోపిపాడ్లను జాతి దాకా గుర్తించి, బార్నకిల్ (రాళ్లకు అంటుకుని బతికే పెంకు జీవి) నాప్లియస్‌లను ఒకే గుంపుగా రాసి, కోపిపోడైట్లను (ఇంకా ఎదగని కోపిపాడ్లను) మరో వరుసలో పెట్టి, అంతా కలిపి షానన్ కడితే ఆ అంకెకు అర్థం ఉండదు. ఎదిగిన కోపిపాడ్ల సూచిక వేరుగా కట్టండి. ఒక సీసాను మూడు భాగాలు చేసి మూడు పునరావృత్తులు అనకండి. పునరావృత్తి అంటే అదే స్టేషన్‌లో విడిగా మళ్లీ వల లాగడమే, ప్లవకాలు గుంపులు గుంపులుగా తేలుతాయి కాబట్టి.

తీరరేఖ:

చాలా ఉపయోగపడింది. మొగ దగ్గరి స్టేషన్‌ను పోటులో లాగాలా, పాటులోనా?

వలకన్ను:

ఏదైనా ఒకటి ఎంచుకుని ఏడాదంతా అదే పాటించండి. పాటులో మొగ స్టేషన్ వల నదీముఖపు నీళ్లను వడపోస్తుంది. స్యూడోడయాప్టోమస్ లాంటి తక్కువ ఉప్పుదనపు కోపిపాడ్లు బయటికి వస్తాయి. పోటులో అదే చోట సముద్రపు జాతులు దొరుకుతాయి. కలిపి తీస్తే నెలల మధ్య తేడా అనుకున్నది గంటల తేడా కావచ్చు.

వీలైతే మొగ దగ్గర మాత్రం రెండూ తీయండి, అక్కడి తేడా లోపలి స్టేషన్ల మధ్య తేడాకు సమానంగా ఉందా అన్నదే మీ ప్రశ్నకు దగ్గరి జవాబు. ప్రతి లాగుడుకూ ముందు ఉపరితలం, మధ్య, అడుగు నీటిలో ఉప్పుదనం, ఉష్ణోగ్రత చదవండి. మొగ దగ్గర తీపి నీరు పైన, ఉప్పు నీరు కింద పొరలుగా ఉంటే, ఏటవాలు వల రెండు సమూహాలను ఒకే సీసాలో కలిపేస్తుంది. అలాంటి రోజున పొర హద్దుకు పైనా కిందా విడిగా, మూసే వలతో లాగడమే దారి.

లెక్కలగది:

లెక్కపెట్టగా మిగిలిన భాగాన్ని పారబోయకండి. సీసాలో లేబుల్ పెన్సిల్‌తో రాసిన నీటికి తట్టుకునే కాగితం, లోపలే వేయాలి, బయట అంటించింది ఫార్మలిన్ తగిలి ఊడిపోతుంది. తేదీ, సమయం, స్టేషన్, లోతు, వల కన్ను, ఫ్లోమీటర్ మొదటి చివరి అంకెలు అందులోనే ఉండాలి.