దారి తెరుచుకున్నాక కూడా వరద బాధితులకు నీళ్ల సీసాలే పంపాలా?

సింగ్‌నగర్ వాసి:
2024 సెప్టెంబర్ 1న విజయవాడలో బుడమేరు వాగు పొంగి మా వీధిలోకి వచ్చేసింది. పడవ కనపడగానే మేడ మీద నుంచి తాడు కట్టిన బకెట్ దించేవాళ్లం. పులిహోర పొట్లాలు, పాల ప్యాకెట్లు, లీటరు సీసాలు అందులో వేసేవారు. వాళ్ల రుణం తీర్చుకోలేం. కానీ నీళ్లు తీశాక చూస్తే సైడు కాలవ నిండా ఆ సీసాలే. తర్వాత చిన్న వానకే మురుగు గుమ్మం దాకా ఎగదన్నింది. పైగా బుడమేరు పోయి కలిసేది కొల్లేరులో. 2002 నుంచి రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచంలో కాపాడుకోవాల్సిన చిత్తడి నేలల జాబితాలో, ఉన్న సరస్సు అది, మన చెత్త చివరికి చేరేది అక్కడికే. అందుకే దారి తెరుచుకున్న రోజు నుంచి సీసాలు ఆపేసి ట్యాంకర్లు, ఇరవై లీటర్ల క్యాన్లు పంపాలంటాను.

పాయకాపురం కోడలు:
నేను ఒప్పుకోనండీ. మాది రెండో అంతస్తు. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, నా చేతిలో చంటిపిల్ల. ట్యాంకర్ వీధి చివర ఆగితే ఆ బురదలో ఎవరు వెళ్లి తెస్తారు? నిండు క్యాన్ ఇరవై కిలోలు. సీసా అయితే చంకన పిల్లతోనైనా మెట్లెక్కుతాను.

గుంటూరు లారీ:
నేను సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర లోడు దించాను. పదివేల లీటర్ల ట్యాంకర్ ఒక్కటి వస్తే పదివేల సీసాలు తప్పుతాయి, లెక్క అంతే. నా బాధ ఇంకోటి: తిరుగు ప్రయాణంలో లారీ ఖాళీ. నాలుగు గోనె సంచుల ఖాళీ సీసాలు ఎక్కించమని ఒక్కరు అడిగినా తెచ్చేవాణ్ణి.

నర్సు:
మనిషికి తాగడానికి, వంటకు కలిపి రోజుకు మూడు లీటర్లు వేసుకోండి. ఐదుగురున్న ఇంటికి పదిహేను సీసాలు. పది రోజులకు నూట యాభై! ట్యాంకర్లే నయం. కానీ ట్యాంకర్ నీళ్లలోనూ క్లోరిన్ చూడాలి, మూత లేని బిందెలో పట్టుకోకూడదు. క్లోరిన్ బిళ్లలిచ్చి సరిపెట్టొచ్చని మాత్రం అనకండి. మురుగు కలిసిన వరద నీళ్లలో బిళ్ల వేసినంత మాత్రాన అవి తాగే నీళ్లు కావు.

సింగ్‌నగర్ వాసి:
పాయకాపురం చెల్లెమ్మ చెప్పింది నిజమే. కిందికి దిగలేని ఇళ్లకు సీసాలే ఇవ్వాలి, ఆ మాట నేను ముందే అనాల్సింది. కానీ మా బకెట్ కిందికి దిగేటప్పుడు ఖాళీగానే దిగేది కదా. నిన్నటి సీసాలు అందులో వేస్తే పోయేది.

పడవ నడిపినవాడిని:
మొదటి రెండు రోజులు కుదరదన్నా. తిరిగొచ్చేటప్పుడు గర్భిణులు, ముసలివాళ్లు, కాలు పెట్టే చోటు కూడా లేదు. మూడో రోజు నుంచి చాలాసార్లు ఖాళీగానే వచ్చాను. అప్పుడు సంచి ఇచ్చేవాళ్లు లేరు, నింపి తెచ్చినా ఒడ్డున తీసుకునేవాళ్లు లేరు. ఆ పని ఎవరిదో వానలు మొదలవక ముందే వార్డువారీగా రాసిపెట్టమనండి. సంచి ఉంటే నేను మోసుకొస్తాను.