తీరానికి దేశమంతటికీ ఒకే చట్టమా, ఎవరి రాష్ట్రం వారిదేనా?

ఉప్పుగాలి:
తుపాను వచ్చినప్పుడల్లా కాకినాడ దగ్గరి ఉప్పాడ బీచ్ రోడ్డు తెగడం, మళ్లీ బండరాళ్లు తెచ్చి పోయడం ఏళ్ల తరబడి చూస్తున్నాం. సముద్రాన్ని, తీరాన్ని కలిపి చూసే గట్టి జాతీయ చట్టం కావాలంటాను. మీరేమంటారు?

లాపాయింట్:
ఉన్నవి అమలు చేస్తే చాలు. తీరాన ఏం కట్టొచ్చో, ఏం కట్టకూడదో చెప్పే సీఆర్‌జెడ్ (కోస్టల్ రెగ్యులేషన్ జోన్) నిబంధనలు 1991 నుంచీ ఉన్నాయి. వాటిని ఉల్లంఘించి కట్టారనే కేరళలోని మరడులో సుప్రీంకోర్టు ఆదేశంతో 2020లో అపార్ట్‌మెంట్లు కూల్చారు. మరి 2019లో గేట్లు ఎత్తింది ఎవరు? పోటు గీత (పోటు సమయంలో నీళ్లు వచ్చే హద్దు) నుంచి 200 మీటర్ల దాకా కట్టకూడదన్న గ్రామీణ తీరంలో, జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 2,161 దాటితే 50 మీటర్లు చాలన్నారు. ఆ పని చేసింది కేంద్రమే. అధికారమంతా ఒకచోట పెడితే ఒక్క సంతకంతో తీరమంతా సడలిపోతుంది.

విశాఖవాసి:
సడలింపుల సంగతి ఒప్పుకుంటాను లాపాయింట్ గారూ. కానీ సీఆర్‌జెడ్ ముఖ్యంగా చూసేది ఒడ్డున ఏం కడుతున్నారన్నది. అసలు గొడవ ఇసుకది. తూర్పు తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. దారిలో బ్రేక్‌వాటర్ (అలలను ఆపడానికి సముద్రంలోకి కట్టే గోడ) కడితే దానికి దక్షిణాన మేట, ఉత్తరాన కోత. పుదుచ్చేరిలో 1980ల చివర్లో హార్బర్ గోడలు కట్టాక ఊరి బీచ్ పోయి రాళ్లు మిగిలాయి.

ఉప్పాడ వైపు రావాల్సిన గోదావరి ఇసుక కాకినాడ ఎదుట ఉన్న ఇసుక దీవి హోప్ ఐలాండ్ దగ్గర చిక్కుకుంటోంది. పైగా ఆనకట్టల వల్ల నది తెచ్చేదే తగ్గింది. ఆ ఆనకట్టలు మహారాష్ట్ర నుంచే మొదలు. కాకినాడ కలెక్టర్ వాటినేం చేయగలరు?

మా వైజాగ్‌లో ఔటర్ హార్బర్ వచ్చాక ఆర్కే బీచ్‌కి ఇసుక సరిగా అందడం లేదని, పోర్టు తవ్విన ఇసుకను పైపులతో తెచ్చి బీచ్‌లో పోస్తున్నారు. (అక్కడ సెల్ఫీలు దిగేవాళ్లలో ఎంతమందికి తెలుసో!) దీన్నే దేశంలో ప్రతి పోర్టుకీ తప్పనిసరి చేయాలి. ఇసుకను అడ్డుకున్నవాడే దాన్ని అవతలికి దాటించాలి, తన ఖర్చుతో. నాకు కావాల్సిన జాతీయ విధానం ఇదీ.

తెప్ప:
మీ ఇద్దరి వాదనలోనూ మత్స్యకారులం మేం కనపడలేదు. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల (సుమారు 22 కి.మీ.) లోపల వేట రాష్ట్రం చేతిలో, ఆపైన కేంద్రం చేతిలో. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మా బోట్లు ఆపేస్తారు. మంచిదే, ఆపుతాం. మరి పోర్టు కోసం సముద్రం అడుగు తవ్వే డ్రెడ్జర్ ఆగుతుందా? ఫ్యాక్టరీ పైపు ఆగుతుందా? కొత్త చట్టం వస్తే ముందు లేపేసేది పోర్టుని కాదు, మా గుడిసెని.

విశాఖవాసి:
ఆ భయం న్యాయమైనదే. 2011 సీఆర్‌జెడ్ నిబంధనల్లో పోటు గీత నుంచి 100, 200 మీటర్ల మధ్య మత్స్యకారుల ఇళ్లకు వీలు ఇచ్చారు. ఇల్లు వేరు, రిసార్ట్ వేరు అన్నది చట్టంలోనే ఉండాలి.

లాపాయింట్:
రాస్తారు సరే. పోర్టు ఇసుక దాటించకపోతే జరిమానా వేసేదెవరు? పోర్టుకి అనుమతి ఇచ్చిన ప్రభుత్వమేగా!

తెప్ప:
జరిమానా సంగతి తర్వాత. కోత ఆపడానికి రాళ్లు పోసే ముందు మమ్మల్ని ఒక్క మాట అడగమని రాయించండి. ఆ బండల మీద బోటు ఎలా లాగాలి, వల ఎక్కడ ఆరేయాలి?