పాపికొండలు: నడక ఎంత, లాంచీ ఎంత?

ప్రశ్న: డిసెంబర్‌లో హైదరాబాద్ నుంచి వస్తున్నాం. అమ్మకి 64, మోకాళ్ళ నొప్పులు. రోజంతా లాంచీలో కూర్చోవడమేనా, నడక కూడా ఉంటుందా?

జవాబు: భద్రాచలం వైపైతే పోచవరం రేవులో ఎక్కండి.

జవాబు: మాది దేవీపట్నం మండలమండి. ఊరు పోలవరం ముంపులో పోయింది, ఇప్పుడు కాలనీలో ఉంటున్నాం. నన్నడిగితే గండిపోచమ్మ గుడి దగ్గరే ఎక్కమంటాను. నడకంతా దారిలో లాంచీ ఆగే పేరంటాలపల్లిలోనే. రేవు నుంచి శివాలయం దాకా ఎక్కాలి, గుడి పక్కనే కొండ మీంచి సెలయేరు. కొండరెడ్ల ఆడవాళ్ళు వెదురు బొమ్మలు అమ్ముతారు, పది రూపాయల కోసం బేరమాడకండి బాబూ. కొండలు పాపిడి తీసినట్టు దగ్గరపడే చోట మాత్రం మైకులో పాటలు ఆపమనండి. నేనడిగితే ఒక్కసారీ ఆపలేదనుకోండి! ఉక్కపోసినా లైఫ్ జాకెట్ విప్పొద్దు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర, వరద గోదారిలోనే లాంచీ మునిగింది.

ప్రశ్న: అమ్మ ఎక్కలేకపోతే?

జవాబు: లాంచీలోనే ఉండమనండి. మా అమ్మా అంతే, మేం దిగొచ్చేసరికి వంటాయనతో కబుర్లు మొదలెట్టేసింది.