కురుస్తున్న మద్రాసు మిద్దె: బాగుచేయాలా, తీసేసి స్లాబ్ వేయాలా?

బెజవాడ_పాతిల్లు: విజయవాడ వన్‌టౌన్‌లో వరసగా అంటుకుని కట్టిన ఇళ్లలో ఒకటి. రెండంతస్తులు, అటూ ఇటూ ఉమ్మడి గోడలు, పైన మద్రాసు మిద్దె (కర్ర దంతెల మీద ఇటుక, సున్నపు కాంక్రీటుతో వేసిన పాతకాలపు కప్పు). తూము దగ్గర కురుస్తోంది, కింద కప్పును మోసే రెండు టేకు దంతెల (అడ్డ దూలాల) కొసలు నల్లబడ్డాయి. మొత్తం తీసి 4 అంగుళాల స్లాబ్ వేయమంటున్నారు. ఏది సరైనదండీ?

గుంటూరు_సైట్: స్లాబే. పాత గోడలు మోయవన్న భయం అక్కర్లేదు. మిద్దెలో దంతెల మీద ఐమూలగా, అంచు మీద నిలబెట్టిన ఇటుక 3 అంగుళాలు, పైన సున్నపు కాంక్రీటు మూడున్నర, ఆపైన బిళ్లలు. అన్నీ కలిపితే చదరపు మీటరుకు 330 కిలోలు దాటుతుంది. స్లాబ్ 250. పైగా డంగు సున్నం (రుబ్బిన సున్నం) పని తెలిసినవాళ్లు ఎక్కడున్నారు?

సున్నం_పని: బరువు లెక్క సరే గురువుగారూ, చిక్కంతా ఉమ్మడి గోడతోనే. స్లాబ్ ఆనడానికి గోడలో గాడి కొట్టాలి. అదే గోడలో అవతలి ఇంటి దంతెల కొసలూ ఉంటాయి. మన వైపు సుత్తి దెబ్బకు అక్కడి ఇటుక కదులుతుంది. ఇంకోటి, కప్పు వేడిలో 30 డిగ్రీల తేడా వస్తే 10 మీటర్ల స్లాబ్ 3 మి.మీ. సాగుతుంది. సున్నపు గోడ నెత్తిన అడ్డంగా పగులు వస్తుంది.

తూము చుట్టూ 3 అడుగుల మేర బిళ్లలు లేపండి. తడిసి పిండిలా రాలే కాంక్రీటును గట్టి భాగం తగిలేదాకా గీకండి. ఆ చోట నింపడానికి గుల్ల సున్నం (గుల్లలు కాల్చి తీసిన సున్నం) 1కి ఇటుక పొడి 2 కలిపి రుబ్బిన ముద్ద 2 పాళ్లు, ముప్పావంగుళం ఇటుక కంకర 5 పాళ్లు. గుల్ల సున్నం ఒక్కటే తడిలో గట్టిపడదు, ఆ పని ఇటుక పొడిది. అది తగ్గించారో, పనంతా వృథా.

కరక్కాయ, బెల్లం నానిన నీళ్లు చల్లుతూ చేతిచెక్కలతో కొట్టాలి. 4 అంగుళాలు పోస్తే 3కి దిగాలి. చెక్క ముద్ర పడకుండా ఎగిరి వెనక్కొచ్చేదాకా కొట్టాలి, దానికి 4 నుంచి 7 రోజులు పడుతుంది. మొదటి రోజు సాయంత్రమే ఆపేస్తే వచ్చే వానకు మళ్లీ అక్కడే కురుస్తుంది. వాలు 5 అడుగులకు 1 అంగుళం. తర్వాత 10 రోజులు తడి గోనెపట్టాలు.

కొత్తగా_చేరా: పైన సిమెంటు, దాని మీద కోటింగు పూస్తే చాలదా?

సున్నం_పని: చాలదండీ. సిమెంటు సన్నగా చిట్లుతుంది, ఆ చీలికల్లో దిగిన నీరు పైకి ఆరిపోయే దారి లేక దంతెల్లోకి చేరుతుంది. చాలా ఇళ్లలో దంతెలు పుచ్చిపోయేది అలాగే.

గుంటూరు_సైట్: గాడి సంగతి ఒప్పుకుంటున్నా. కానీ ఆ నల్లబడ్డ దంతెలు? మీరు కొట్టే దెబ్బలకే విరగొచ్చు. ముందు కింద ప్రాపులు (తాత్కాలిక ఊతకర్రలు) పెట్టాల్సిందే.

సున్నం_పని: నిజమే, ప్రాపులు లేకుండా పైన చెయ్యి వేయకూడదు. కొసలో స్క్రూడ్రైవర్ గుచ్చి చూడండి. పావంగుళంలో గట్టి కర్ర తగిలితే అది మరకే. అంగుళం దిగితే కొస పోయినట్టే. అక్కడిదాకా కోసేసి రెండు పక్కలా 75 మి.మీ. స్టీలు ఛానళ్లు పెట్టి, మంచి కర్ర మీద 3 అడుగుల మేర బోల్టులు బిగించండి. గోడలో రాతిదిమ్మ మీద ఆనించి, చుట్టూ అరంగుళం ఖాళీ వదలండి. సందులో ముద్ద కూరితే తడి మళ్లీ కొసకే ఎక్కుతుంది.

గుంటూరు_సైట్: మూడో వంతుకు మించి దంతెలు పోతే మాత్రం నా మాట స్లాబే, అయితే గోడ ముట్టకుండా స్టీలు స్తంభాల మీద.

సున్నం_పని: దానికి అభ్యంతరం లేదు. ఒక్కటే, స్తంభాలకు గుంతలు తీసేముందు ఉమ్మడి గోడ పునాది ఎంత లోతుందో చిన్న గొయ్యి తీసి చూడండి, దానికంటే కిందికి తవ్వకండి.