‘రహస్యమైన’ అన్న విశేషణం ఎక్కడ అతకదు?

కథ రాస్తున్న మన చర్చా బృందం సభ్యురాలు ఒకరు నిన్న ఒక వాక్యం ఇచ్చి, అందులోని విశేషణానికి బదులు మరింత పదునైన మాట ఏదైనా ఉందా అని అడిగారు. ఆ వాక్యం ఇది: “ఆ గదిలో రహస్యమైన నిశ్శబ్దం ఉంది.” సమాధానంగా నిగూఢమైన, మర్మగర్భమైన, అంతుచిక్కని అంటూ చాలా మాటలు వచ్చాయి. అన్నీ మంచి మాటలే. అయితే వాటిని పర్యాయపదాలుగా ఎంచి ఒకదాని చోట మరొకటి పెట్టడం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే దాగినది ఎక్కడ దాగిందో, అసలు దాన్ని దాచినవారు ఉన్నారో లేరో అన్న విషయాన్ని ఈ మాటల్లో ఒక్కొక్కటి ఒక్కో విధంగా చెబుతుంది.

‘రహస్యం’తోనే మొదలుపెడదాం. సంస్కృతంలో ‘రహస్’ అంటే ఏకాంతం. ప్రాచీన సంస్కృత నిఘంటువైన అమరకోశం ఆ మాటను వివిక్తం, విజనం, ఛన్నం అనే మాటల సరసన చేర్చి, వెంటనే “రహస్యం తద్భవే త్రిషు” అంటుంది. ఏకాంతంలో పుట్టినది రహస్యమనీ, ఆ మాట మూడు లింగాల్లోనూ చెల్లుతుందనీ దాని అర్థం. సంస్కృతంలో విశేషణం తాను వర్ణించే మాట లింగాన్నే తీసుకుంటుంది కనుక, మూడు లింగాల్లోనూ చెల్లుతుందంటే అది అక్కడ విశేషణమే. తెలుగులో నామవాచకంగా స్థిరపడింది కాబట్టి మనం దానికి మళ్ళీ ‘ఐన’ చేర్చుకోవలసి వస్తోంది. ఎవరూ లేని చోట ఇద్దరు చెప్పుకున్న సంగతి అన్న పాత వాసన మాత్రం దాన్ని ఇప్పటికీ వదలలేదు. రహస్యం అనగానే అది తెలిసినవారు ఎవరో ఒకరు ఉన్నారని చదివేవారికి తోస్తుంది. రహస్య ఒప్పందం, రహస్య మార్గం అన్నప్పుడు అందుకే చక్కగా అతుకుతుంది. నిశ్శబ్దాన్ని ఎవరూ దాచిపెట్టరు కనుక అక్కడ అతకదు.

‘గుట్టు’లో మనిషి ఇంకా దగ్గరగా కనిపిస్తాడు. గుట్టుగా బతకడం, గుట్టు రట్టు కావడం, లోగుట్టు పెరుమాళ్ళకెరుక అనడం, వీటన్నిటి వెనుకా పరువో బిడియమో భయమో ఉంటుంది. గుట్టు మనుషులకూ సంసారాలకూ ఉంటుంది గాని అడవులకూ కొండలకూ ఉండదు.

‘మర్మం’ మరొక దారి. దెబ్బ తగిలితే ప్రాణం మీదికి వచ్చే దేహస్థానాన్ని మర్మం అంటారు; ప్రాచీన వైద్యగ్రంథమైన సుశ్రుత సంహిత అలాంటివి 107 అని లెక్కించింది. ఆ నొప్పి మాటలో ఇంకా మిగిలే ఉందని నేను నమ్ముతాను. “ఆమె మర్మగర్భంగా నవ్వింది” అని చదివినప్పుడు ఆ నవ్వు ఎవరికో తగలబోతోందని మనకు అనిపిస్తుంది. ఎవరికీ తగలని నవ్వుకు ఆ విశేషణం వృథా.

‘నిగూఢం’ గుహ్ అనే ధాతువు నుంచి వచ్చింది, ‘గుహ’ కూడా అక్కడి నుంచే. కాబట్టి లోతు ఉన్నచోట, లోపలికి దిగవలసిన చోట దాన్ని వాడితే నిండుగా ఉంటుంది.

‘అంతుచిక్కని’, ‘అంతుపట్టని’ అన్నవి వేరే జాతి. వీటిలో దాచినవారు లేరు, దాచిన చోటు లేదు. కొస కోసం చెయ్యి చాచినవాడికి అది అందలేదు, అంతే. ఇవి వ్యతిరేక క్రియ నుంచి పుట్టిన విశేషణాలు, తెలుగుకున్న అసలైన బలం ఇక్కడే ఉందని నా నమ్మకం. క్రియ నుంచి విశేషణాన్ని ఎప్పటికప్పుడు కొత్తగా చేసుకునే వీలు మనకుంది. ‘నివురుగప్పిన’ అన్న ఒక్క మాటలో పైనున్న బూడిదా కనిపిస్తుంది, అడుగునున్న వేడీ తగులుతుంది. ‘రహస్యమైన కోపం’ అన్నదాన్ని ‘నివురుగప్పిన కోపం’ పక్కన పెట్టి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

చర్చలో ‘అగమ్యగోచరం’, ‘అయోమయం’ కూడా వచ్చాయి కాబట్టి ఒక మాట. చేరరానిది, కంటికి ఆననిది అన్న అర్థం కావాలంటే సంధి ప్రకారం అది ‘అగమ్యాగోచరం’ కావాలి. ‘అయోమయం’ అంటే సంస్కృతంలో ఇనుముతో చేసినది. తెలుగులో అది గందరగోళంగా మారింది. వాడుకలో రెండూ చూసేవాడి తికమకనే చెబుతాయి గనుక, పాఠకుణ్ణి లోపలికి లాగవలసిన చోట అవి పనికిరావు.

ఇక అసలు వాక్యానికి వస్తాను. “ఆ గదిలో, ఎవరో అప్పుడే మాట ఆపినట్టున్న నిశ్శబ్దం.” ఇందులో రహస్యమని ఎక్కడా చెప్పలేదు, అయినా చదివేవారి చూపు తలుపు వెనక్కి వెళ్తుంది. దీని ముందు నిగూఢమైన, భయంకరమైన అంటూ ఇంకో రెండు మాటలు పేరిస్తే, ఆ చూపు విశేషణాల దగ్గరే ఆగిపోతుంది. అయితే ఈ వాక్యం ఇప్పుడిప్పుడే ఖాళీ అయిన గదికే సరిపోతుంది. చాలాకాలంగా తెరవని గది అయితే “ఏళ్ళ తరబడి ఎవరూ కదపని నిశ్శబ్దం” అనవలసి ఉంటుంది, అప్పుడు భయం తగ్గి దిగులు పెరుగుతుంది. ఆ కథలో గది తలుపు ఎంతకాలంగా మూసి ఉందో, దాన్ని చివరిసారి మూసింది ఎవరో ఆ సభ్యురాలు చెబితే, ఈ రెండింటిలో ఏది నప్పుతుందో చూడవచ్చు.